సాంచాలు అప్పజెప్పే వేళ

సూరత్

లక్ష్మక్కకు తమ్ముడు రాజేశం శనార్తులు.

నువ్వు, పిల్లలు బాగున్నారా? మీ అత్తమ్మకు దగ్గు తగ్గిందా? ఇక్కడ నేను, బావ బాగానే ఉన్నాం, రంది పెట్టుకోకు. వానలు ఆగాయి కానీ ఉక్కపోత ఆగలేదు. మెస్సువాళ్లు పప్పులో ఇంకా బెల్లం వేస్తూనే ఉన్నారు. నువ్వు పంపిన చింతకాయ తొక్కుతో పూట గడుస్తోంది.

బావ భుజం గురించి ఫోన్లో అడిగావు. ఆయన పక్కనే ఉండటంతో సరిగ్గా చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

మెట్ల మీద జారినప్పుడు ఎముక విరగలేదు, భుజం బిగుసుకుంది. గోడకు వేళ్లు ఆనించి చేతిని మెల్లగా పైకి పాకించాలని, రోజూ రెండు పూటలా చేయాలని డాక్టరు చెప్పాడు. మానేస్తే అలాగే ఉండిపోతుందన్నాడు. దీపావళి నాటికి చెయ్యి తల మీదికి లేవకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని సేటు అన్నాడు. ఆ మాట బావ నీకు చెప్పి ఉండడు. నూలు చుట్టిన బీము ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి మరి.

"చేస్తున్నవా బావా?" అని అడిగితే, "టైమేడున్నదిరా?" అనేవాడు. అది అబద్ధం కాదు. బట్ట నేసే ఒకే సాంచాలకు మేమిద్దరం జోడీ. నేను పగలు నడిపితే ఆయన రాత్రి నడుపుతాడు, వారం తిరిగితే తారుమారు. పగటి వారంలో పొద్దున్నే లేచి చేసేవాడు. అలవాటు కుదిరేలోపే రాత్రి వారం వచ్చేది. తెల్లవారాక వచ్చి పడుకునేవాడికి ఏది పొద్దున, ఏది సాయంత్రం?

ఆ తర్వాత బట్టకు గిరాకీ లేక కార్ఖానా కొన్నాళ్లు బంద్ పెట్టారు. రోజంతా ఖాళీ కదా, ఇప్పుడైనా చేస్తాడనుకున్నాను. ఒక్క పూట చేయలేదు. చాయ్ తాగినంక అన్నాడు, తిన్నంక అన్నాడు, ఫోన్ చూస్తూ పడుకున్నాడు. తీరిక లేనప్పుడూ సరిగ్గా చేయలేదు, ఉన్నప్పుడూ చేయలేదు.

ఏ వారమైనా మారని వేళ మాకు ఒకటే ఉంది, ఒకరికొకరం సాంచాలు అప్పజెప్పే వేళ. కార్ఖానా తెరిచిన రోజు బావ డ్యూటీకి వస్తే నేను పక్కకు జరగలేదు.

"జరుగు, పోయి పండుకో."

"ముందు గోడకాడికి పో బావా. చెయ్యి పాకించినంకనే ఇస్త."

"బామ్మర్దివా, పోలీసోనివా?"

"అక్క పెట్టిన పోలీసోన్ని."

పక్క సాంచాల మీదున్న సత్తన్న పగలబడి నవ్వాడు. "మీ ఊరి అల్లునితోని గోడలెక్కిపిస్తున్నవేందిరా!"

ఆ రోజు కోపంతో చేశాడు. ఇప్పుడు గొణుక్కుంటూ చేస్తున్నాడు. ఆయన డ్యూటీ దిగి నేను ఎక్కే పూట, చేసేదాకా రూము తాళంచెవి ఇవ్వను. ఇద్దరికీ ఒకటే తాళంచెవి. నూనె చేతుల మరకలు గోడ మీద పడతాయి. మొదట గడ్డం ఎత్తులో ఉండేవి, ఇప్పుడు చెవి దాటాయి. తల దాటలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నాకు నిద్ర తగ్గింది, కాళ్లు గుంజుతున్నాయి. అది పెద్ద విషయం కాదు. అసలు చిక్కు వేరే ఉంది. వచ్చే నెల నుంచి సేటు నన్ను సూరత్ అవతల ఉన్న కిమ్‌లోని కొత్త కార్ఖానాకు పంపుతున్నాడు. నా బదులు ఒడియా మనిషి వస్తాడు. మంచివాడే, కానీ దినమంతా నిలబడ్డవాడు బావ చెయ్యి కోసం ఇంకా ఎందుకు నిలబడతాడు?

"నేను పోయినంక చేస్తవా?" అని బావను అడిగాను. "చేస్తలే" అన్నాడు. కార్ఖానా బంద్ ఉన్నప్పుడూ అదే అన్నాడు.

కాబట్టి అక్కా, నువ్వొక పని చెయ్యాలి. రెండు పూటలా డ్యూటీ మారే వేళకు వీడియో కాల్ చెయ్యి. నువ్వు బీడీలు చుట్టే చాట పక్కన ఫోన్ నిలబెట్టుకో. "చేసినవా?" అని అడగకు, "చేసిన" అంటాడు. గోడ చూపించమను, చెయ్యి పాకించేదాకా ఫోన్ పెట్టకు. తిట్టకు, బతిమాలకు. ఆ వేళకు నీకు పొయ్యి మీద పని, పిల్లల పని ఉంటుందని తెలుసు. నాకూ తీరిక ఉండి కాదు అక్కా, ఆయన ముందు నిలబడ్డానంతే.

మీ అత్తమ్మకు, పెద్దబాపుకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. కిమ్‌లో నాకూ ఓ మంచి జోడీ దొరకాలని దీవించు.

ఇట్లు,
నీ తమ్ముడు
రాజేశం