దీపం వైపు కొమ్మ

దూమెగోల్, గాంగ్వన్ కొండసీమ
నవంబరు పన్నెండు

సంగ్‌దూ అన్న ఇంటి వదినగారికి, గుమోక్ వాళ్ళమ్మ గారికి, పక్కింటి తాక్ మన్‌గిల్ తలవంచి రాసుకుంటున్న సంగతులు.

ఇక్కడ చలి ముదిరింది. ఆసుపత్రిలో మన ఇళ్ళలోలా నేల వెచ్చగా ఉండదనీ, అందర్నీ మంచాల మీదే పడుకోబెడతారనీ విన్నాను. నడుం పట్టేస్తుంది, జాగ్రత్త. తుంటి ఎముక అతుక్కుంటోందని, కర్ర పట్టుకుని గది దాటి నడిచారని మన బస్సు డ్రైవరు ప్యో చెప్పాడు. మంచిది. ఇక్కడ నేను క్షేమమని రాయడం మర్యాద. అంత మర్యాద నాకు రాదు. తింటున్నాను, కట్టెలు కొడుతున్నాను, అంతే.

ఫోను చెయ్యకుండా ఈ కాగితమేమిటని అంటారు. ఫోనులో మీరు ముందు మాట్లాడతారు. ఎప్పుడూ అంతే. మీరు మొదలుపెట్టాక నేను చెప్పదలుచుకున్నది నా గొంతులోనే ముసలిదైపోతుంది. నా రాత మీకు తెలుసు. ఊరి చావడిలో ముసలివాళ్ళకి అక్షరాలు నేర్పిన చలికాలం, మీరు ముందు బల్ల దగ్గర కూర్చునేవారు, నేను తలుపు దగ్గర. "మరిదీ, నీ అక్షరాలు తాగి ఇంటికి పోతున్నట్టున్నాయి" అని అందరిముందూ నవ్వారు. ఇవీ అలాగే పోతున్నాయి. వెంటపడి చదువుకోండి.

మీ పెరట్లో క్యాబేజీలు కోసి, గడ్డి కప్పి పెట్టాను. ముల్లంగి గొయ్యి తీసి పాతాను. ఆకులు దండకట్టి మీ చూరు కింద వేలాడదీశాను. మీ కోళ్ళు నన్ను చూస్తే దొంగని చూసినట్టు అరుస్తున్నాయి. వాటి తప్పు లేదు.

ఇక అసలు సంగతి. మొన్న మధ్యాహ్నం చావడిలో వేడినేల మీద అందరం కూర్చుని ఉన్నాం. ఆడవాళ్ళు పేకాటలో ఉన్నారు. ప్యో బస్సు ఆపి, చెప్పులు విడిచీ విడవకముందే, "పెద్దాయనా, పట్నం నుంచి మీకు పెట్టుబట్టలు!" అంటూ మీరు పంపిన ఉన్ని చొక్కా నా ఒళ్ళో పడేశాడు. హ్వాంగ్ అవ్వ ఊరుకుంటుందా? "ఈ వయసులో పెట్టుబట్టలేంటి? ముహూర్తం ఎప్పుడో అడగండి, పళ్ళు కట్టించుకుని వస్తా" అంది. పేకలు కింద పడేసి నవ్వారు.

ఆ తర్వాత ప్యో మీ మాటలు మీ గొంతుతోనే చెప్పాడు. వాడికి ఆ విద్య ఉంది కదా. శనివారం ఆసుపత్రి నుంచి పంపించేస్తారట. గుమోక్ తన దగ్గరే, పద్నాలుగో అంతస్తులో, ఉండిపొమ్మంటోందట. మీరు మాత్రం నేరుగా దూమెగోల్ వస్తానన్నారట. "పక్కింట్లో మా మరిది ఉన్నాడు. పిలిస్తే పరిగెత్తుకొచ్చే మనిషి గోడ అవతల ఉండగా నాకేం భయం? పట్నంలో గోడ అవతల ఎవరున్నారో మా అల్లుడికే తెలియదు" అన్నారట. ఇంకో మాట కూడా చెప్పమన్నారట. చీకట్లో పడి అరుస్తుంటే దీపం దానంతటదే వెలిగిందనీ, అది చనిపోయిన సంగ్‌దూ అన్నే వెలిగించాడనీ, నన్ను నిద్ర లేపి పంపింది కూడా ఆయనేననీ.

హ్వాంగ్ అవ్వ నవ్వు ఆపి ముక్కు తుడుచుకుంది. ఊరిపెద్ద యోమ్ అయితే లేచి నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే మైకులో, ఊరబెట్టే క్యాబేజీలకి ఉప్పు ఎప్పుడు దించుతారో చెప్పి, వెంటనే, "ఆసుపత్రిలో ఉన్న మన అమ్మని వీపున మోసుకొచ్చి బస్సెక్కించిన తాక్ మన్‌గిల్ పెద్దాయనని చూసి కుర్రాళ్ళు నేర్చుకోవాలి" అన్నాడు. ఈ ఊళ్ళో కుర్రాడంటే వాడే, అరవై దాటాయి. కొండకి కొట్టుకుని ఆ మాట రెండోసారి కూడా వినిపించింది. నేను కంచం పక్కకి నెట్టాను.

వదినా, నన్ను పొగడొద్దు. మోశానంటే మోశాను. బంగాళదుంపల బస్తా అంత బరువు కూడా లేరు మీరు. పొగిడితే మోసినదాని కంటే ఎక్కువ బరువవుతోంది.

ఆ దీపం ఎందుకు ఆరి ఉందో మీకు తెలియదు. ప్యో తీగ వదులైందన్నాడు, యోమ్ కరెంటు పోయి వచ్చిందన్నాడు. తీగా వదులవలేదు, కరెంటూ పోలేదు. ఆర్పింది నేను.

కాగితం అవతల పడెయ్యకండి, మొత్తం చదవండి.

మీకు గుర్తుందో లేదో, మీరు కొత్తకోడలిగా వచ్చిన ఏడాది మన గింకో చెట్టు ఆకు ఒక్క పూటలో, మొదలు నుంచి చిటారు దాకా పసుపుపచ్చగా పండింది. కోడలు పంట తెచ్చిందని ఊరంతా మీ చేత బియ్యం కల్లు పోయించింది. అలా పండిందని చెట్టు చుట్టూ తిరిగి చూసి చెప్పింది మా నాన్న. అంతకుముందు మా తాత. ఒక్కసారిగా పండితే వచ్చే ఏడు గాదెలు నిండుతాయి, కొమ్మకొక తీరుగా పండితే కడుపు కట్టుకోవాలి. ఆ మాట చెప్పే హక్కు మా ఇంటిది. నాకు పొలం తక్కువ, చదువు లేదు, భార్యా నిలవలేదు. ఉన్నది ఆ ఒక్క మాటే. ఆ ఒక్క రోజు ఊరంతా నా నోటివైపు చూస్తుంది.

చెట్టు పక్కన దీపస్తంభం వద్దని వసంతంలో చావడిలో నేను అరిచింది అందుకే. కిందటేడు రోడ్డు దీపం కింద యోమ్ వాళ్ళ సోయా చేను కాయ పట్టలేదు, నా కళ్ళతో చూశాను. రాత్రి తెలియని ఆకు పండదని చెప్పాను. మీరు లేచి, "చెట్టు కళ్ళు మూసుకుని కూడా పండుతుంది మరిదీ. నేను కళ్ళు మూసుకుని బస్సు దాకా నడవలేను" అన్నారు. చప్పట్లు కొట్టారు. మా చిన్నాన్న కొడుకులు కూడా కొట్టారు. ఎక్కువ మంది చేతులు మీ వైపే లేచాయి. ఆ చప్పట్లు నాకు వేసవంతా వినిపించాయి.

ఈ శరదృతువులో చెట్టు రంగు తిరగడం మొదలుపెట్టింది. పై కొమ్మలు, వాగు వైపువి, గుట్ట వైపువి, అన్నీ పసుపు తేలాయి. దీపం వైపు కొమ్మ ఒక్కటే వానాకాలం చేనులా ఆకుపచ్చగా ఉండిపోయింది. నేను చెప్పిందే జరిగిందని మొదట నాకు గర్వం వచ్చింది. తర్వాత భయం వచ్చింది. అందుకని చీకటి పడగానే వెళ్ళి స్తంభానికున్న డబ్బాలో మీట దించేవాణ్ణి. మొదటి బస్సు రాకముందే వెళ్ళి ఎత్తేవాణ్ణి. మన ఊళ్ళో చీకటి పడ్డాక బయట తిరిగేవాళ్ళెవరు? ఎవరికీ అడ్డు కాదనుకున్నాను.

ఆ సంతరోజు మీరు బస్సు వేళకంటే ముందే, ఇంకా చీకటి ఉండగానే బయల్దేరారు. చెట్టు కింద పండ్లు రాలి, కంపు కొడుతూ, సబ్బు పూసిన బండల్లా ఉన్నాయి. దీపం ఉంటే మీరు చూసుకుని అడుగు వేసేవారు. లేదు. కారణం నేను.

చెట్టు ఏమైందో కూడా రాస్తాను, వినే హక్కు మీకుంది. అన్నాళ్ళు దీపం ఆర్పినా ఆ కొమ్మ పండలేదు. కిందటి వారం నేల గడ్డకట్టింది. పొద్దున ఎండ తగలగానే, గాలి లేకుండానే, ఆకులన్నీ ఒక్కపెట్టున రాలడం మొదలుపెట్టాయి. పసుపు ఆకులు చప్పుడు లేకుండా దిగాయి. దీపం వైపు ఆకులు మాత్రం పండకుండానే, ఆకుపచ్చగానే, మంచుకి బిగుసుకుని టపటపా పడ్డాయి. టీ నీళ్ళు కాగేలోపు చెట్టు మోడైంది. కింద విసనకర్రలు పరిచినట్టు ఒకవైపు పసుపు, ఒకవైపు ఆకుపచ్చ. మీ తుంటి విరిగింది దేనికోసమూ కాదు వదినా. చెట్టు కోసం కూడా కాదు.

అందరూ వచ్చి నా నోటివైపు చూశారు. యోమ్ నా చెవిలో, "పెద్దాయనా, దాదాపు పండిందని అనేద్దాం. మైకులో రంగు కనిపిస్తుందా ఏమన్నా?" అన్నాడు. చెట్టు గురించి మా వంశంలో ఎవరూ అబద్ధం చెప్పలేదని వాణ్ణి కసిరి, ఒక్కసారిగా పండలేదని గట్టిగా చెప్పాను. హ్వాంగ్ అవ్వ చీపురు మీద ఆనుకుని, "ఇదీ మన మన్‌గిల్ లాంటిదే. సగం ఒప్పుకుంది, సగం బిగబట్టుకుంది" అంది. అందరూ నవ్వారు. నేను చీపురు లాక్కుని ఊడవడం మొదలుపెట్టాను. ముఖం దాచుకోవడానికి ఇంకేమీ దొరకలేదు.

దీపం ఇప్పుడు రాత్రంతా వెలుగుతోంది. డబ్బాకి యోమ్ చేత తాళం వేయించాను. ఎందుకని అడిగితే పిల్లులు ముట్టుకుంటున్నాయని చెప్పాను. తిట్టాలనుకుంటే తిట్టండి. ప్యో చేత చెప్పిస్తే మీ గొంతుతోనే తిడతాడు, బాగా వినిపిస్తుంది.

కర్ర వదలకుండా నడవండి. ఆసుపత్రి గంజి చప్పగా ఉంటుందని విన్నాను, అయినా తినండి.

ఇట్లు,
మీ ఇంటి గోడ అవతలి
తాక్ మన్‌గిల్

తా.క. సంతకం పెట్టి, మడిచి, మళ్ళీ విప్పాను. హ్వాంగ్ అవ్వ అన్నట్టు సగమే రాశాను.

సంగ్‌దూ అన్న దీపం వెలిగించలేదు. నేను వెలిగించాను.

ఆ రోజు ఎప్పటిలాగే మీట ఎత్తడానికి వెళ్ళాను. స్తంభం దగ్గరికి చేరేసరికి మీరు పడ్డ చప్పుడైంది. ముందు, ఎవరైనా ఉన్నారా అన్నారు. తర్వాత అన్నని పిలిచారు. ఆ తర్వాత "మరిదీ" అని పిలిచారు. మీకూ నాకూ మధ్య చెట్టు మొదలు తప్ప ఏమీ లేదు. చెయ్యి అప్పటికే డబ్బాలో ఉంది, మీట ఎత్తేశాను. ఆ వెలుతురులో మీ కాలు మెలితిరిగి ఉండటం చూశాను. చూసి, ఇంత చీకట్లో ఇక్కడేం చేస్తున్నావని మీరు అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించాను. మీ కాలు గురించి కాదు, దాని గురించే. మొదలు చాటునే వెనక్కి నడిచి ఇంటికెళ్ళి తలుపు వేసుకున్నాను.

గడప లోపల కూర్చుని మొత్తం విన్నాను. మీరు పిలుస్తూనే ఉన్నారు. గొంతు సన్నబడేదాకా పిలిచారు. ఎవరో ఒకరు లేస్తారులే అనుకున్నాను. ఎవరూ లేవలేదు. బస్సు లైట్లు గోడ మీద పడ్డాక, అప్పుడే నిద్ర లేచినవాడిలా కనిపించాలని చొక్కా బొత్తాలు విప్పుకుని పరిగెత్తుకొచ్చాను. వీపుకి ఎత్తుకుంటే మీరు నా మెడ పట్టుకుని "వచ్చావా మరిదీ" అన్నారు. చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. అవి ఎందుకంత చల్లబడ్డాయో నాకొక్కడికే తెలుసు.

అందుచేత గోడ అవతల పలికే మనిషి ఉన్నాడని మాత్రం ఊరికి రావద్దు. గుమోక్ చెప్పేదాంట్లో న్యాయం ఉంది. ఊళ్ళోవాళ్ళకి మైకులో నేనే చెప్తాను, మైకు ఇమ్మని యోమ్‌ని అడిగాను, ఎందుకో వాడికి ఇంకా తెలియదు. ముందు మీకు తెలియాలని ఆగాను.

ఇది చదివాక కూడా వస్తానంటే శనివారం బస్సు దగ్గర ఉంటాను. మీరు ముఖం తిప్పుకుని నడిస్తే మీ మూట మోసుకుని వెనక నడుస్తాను. మూట ఇవ్వకపోతే ఖాళీ చేతులతో నడుస్తాను.