నాయన ఎడమకాలు

ధర్మవరం,
ఆగస్టు 2004

చంద్రమోహన్‌కు,

నీ క్షేమం అడగడం లేదు. బెంగళూరులో నువ్వు చేసి పంపిన గేమ్ సీడీని తిప్పి పంపుతున్నాను. మళ్ళీ పంపితే విరిచేస్తాను.

గేమ్‌లో వీరుడు పాత కార్టూన్లలోలా మెడకు టవలు కట్టుకుని, కుంటికాలితోనే బండల మీద ఎగురుతూ దుర్మార్గులను తన్నే మనిషి అన్నావు. ఆ వీరుడు నాయనే అన్నావు. నమ్మి, చీర అంచులు గీసే గళ్ళ కాగితం మీద నాయన కుడివైపు నడిచే బొమ్మ ఒకటి, ఎడమవైపు నడిచే బొమ్మ ఒకటి విడివిడిగా గీసిచ్చాను. నువ్వు ఒక్క బొమ్మే వాడి, రెండో వైపుకు దాన్నే అద్దంలోలా తిప్పేశావు. అంచులో పువ్వునైతే అట్లా తిప్పుకుంటాం. మనిషిని తిప్పుతారా?

నీ వీరుడు కుడివైపు పోతే ఎడమకాలు ఈడుస్తాడు, ఎడమవైపు తిరిగితే కుడికాలు ఈడుస్తాడు. సీడీ వేయించి చూద్దామని నాయనను తీసుకుపోతే, అది చూసి నెట్ సెంటర్‌లో అందరూ నవ్వారు. నాయన నా చెయ్యి పట్టుకుని, "యా కాలో మర్చిపోయినాడేమో లేమ్మా, పోదాం పా" అన్నాడు.

చిన్నప్పుడు ఎండిన బావిలో నువ్వు పడితే, నీకోసం నాయన దూకి విరగ్గొట్టుకున్న ఎడమకాలు అది.

నీ గేమ్‌లోనూ బావి ఉంది. నీ వీరుడు దాన్ని దాటుకుని పోతాడు.

అక్క