అన్న ఆటోకు కట్టిన గజ్జెలు

కాటన్‌పేట, బెంగళూరు
14 నవంబరు 2025

సుశీల వదినకు,

నీ ఆడబిడ్డ నేత్రావతి నమస్కారాలు. ఆనేకల్‌లో మీ అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. నాయన నిన్ను అడిగినట్టు రాయమన్నాడు.

అన్న ఎలక్ట్రిక్ ఆటోకు బేరం కుదిరిందని, ఆదివారం మనుషులొచ్చి తోలుకుపోతారని రాశావు. అది నీది, కాదనే హక్కు నాకు లేదు. అయినా వాళ్లను రావద్దని చెప్పు వదినా. ఎందుకో చెబుతాను.

ఆఫీసులో ఇప్పుడు నా పని మన చుట్టుపక్కల దేశాల్లో కరెంటు బండ్ల సంగతి పోల్చి రాయడం. నేపాల్‌లో పన్ను తక్కువ పెట్టేసరికి కొత్తగా కొనే కార్లలో ఎక్కువ కరెంటువే. భూటాన్ టాక్సీలను మార్పిస్తోంది. బంగ్లాదేశ్‌లో చట్టం కళ్లు తెరిచేలోపే బ్యాటరీ రిక్షాలు వీధుల్ని నింపేశాయి. శ్రీలంక ఏళ్ల తరబడి బండ్ల దిగుమతే ఆపేసి, ఈ ఏడాదే మళ్లీ తెరిచింది. మన దగ్గర రెండు, మూడు చక్రాలవే ముందున్నాయి. అన్న ఉంటే ఇవన్నీ చదివించుకుని, "భూటాన్ కొండలెక్కేదానికి మన బండికి దమ్ముండాదా?" అని సతాయించేవాడు. ఎన్ని దేశాలు వెతికినా, చప్పుడు లేని బండి కోసం ఇంట్లో చెవులు రిక్కించి కూర్చునేవాళ్ల మాట ఏ విధానంలోనూ కనబడలేదు.

చూపు పోయిన నాయనకు బండి వచ్చింది తెలియట్లేదనే కదా, అన్న హ్యాండిలుకు ఎద్దుల గజ్జెలు కట్టింది. వర్తూరు వైపు ట్రిప్పులు ముగించుకుని సందు తిరగ్గానే అవి మోగేవి. నాయన కంచం దగ్గరికి జరుపుకునేవాడు. అన్న గుండె ఆగి పోయాక నాయన ముద్ద ముట్టడం మానేశాడు. నువ్వు పుట్టింటికి వెళ్లాక ఒక సాయంత్రం షెడ్డులో ఆ గజ్జెలు మళ్లీ మోగాయి. ఆ పూట నాయన అన్నం తిన్నాడు. అప్పట్నించీ రోజూ మోగుతున్నాయి. పక్కింటి పిల్లమ్మ "మీ అన్న వస్తా ఉండాడు, దీపం పెట్టండి" అంటోంది. షెడ్డు వైపు వెళ్లాలంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆటో పోతే నాయన మళ్లీ పస్తుంటాడేమోనన్నదే నా అసలు భయం.

నీ
నేత్ర

తా.క. అంటించిన కవరు మళ్లీ చింపాను. వదినా, గజ్జెలు మోగించేది నేనే. ఈ సాయంత్రం మోగించి లోపలికొస్తే నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "చాలు తల్లీ. వాడు బ్రేకేస్తే ఒగతూరి జల్లుమని ఆగేవి. నువ్వు ఊపితే అట్ల ఆగవు. మొదటినాడే తెలిసింది నాకి" అన్నాడు. మరి రోజూ ఎందుకు తిన్నావని అడిగాను. "నేను తినకుంటే నువ్వు తినవు కదమ్మా" అన్నాడు.

ఆదివారం వాళ్లను రమ్మను. గజ్జెలు విప్పి నీ కోసం ఉంచుతాను.