మీ చెయ్యి విప్పుకోని రోజు

ఏమండీ,

పట్టుకున్నదాన్ని వెంటనే వదలలేని మీ జబ్బు ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. అప్పట్లో మీరిచ్చిన చర్మపు ముక్క నుంచి పెంచిన కణాలు బెంగళూరు ల్యాబులో ఇంకా బతికే ఉన్నాయి. మీరు పోయి రెండేళ్లు నిండిన రోజున వెళ్లాను.

అక్కడి తెలుగమ్మాయి తెర మీద చూపించింది. కణంలో ఆర్ఎన్ఏ ఎర్రగా, ప్రోటీన్ ఆకుపచ్చగా వెలిగేలా చేశారు. మామూలు మనిషి కణంలో ఆకుపచ్చ అంతటా పరుచుకుని ఉంది. మీ కణంలో ఎర్ర చుక్కల దగ్గరే గుంపు కట్టింది.

"ఆర్ఎన్ఏ ఉండాల్సిన దానికన్నా పొడుగుంది ఆంటీ. ప్రోటీన్ దానికే అతుక్కుని, వేరే పనికి దొరకట్లేదు. అందుకే బిగిసిన కండరం వెంటనే సడలదు" అంది.

నాకు మాన్వి ఊరికి వెళ్లే బస్సు గుర్తొచ్చింది. చలికాలం పొద్దున కడ్డీ పట్టుకున్న మీ చెయ్యి విప్పుకునేది కాదు. "దిగు సార్, బస్సు నీ పేరు మీద రాసిచ్చినమా ఏంది?" అనేవాడు కండక్టర్. మీరు నవ్వేవారు. విప్పుకునేలోపు ఎన్ని అంకెలు లెక్కపెట్టానో డాక్టర్ కోసం నోటుబుక్కులో రాసేదాన్ని.

ఆస్పత్రిలో మీ చివరి రోజున తేదీ వేశాను కానీ అంకె రాయలేదు. నా మణికట్టు మీది మీ వేళ్లను నర్సు ఒక్కొక్కటే విప్పింది. "జబ్బు వల్లనమ్మా, ఆయనకు తెల్వదు" అంది. ఇన్నాళ్లూ అదే నమ్మాను.

అందుకే ఆ అమ్మాయిని అడిగాను. "పట్టుకునుడు గూడ జబ్బేనా తల్లీ?"

"లేదాంటీ. పట్టుకునేది మనిషే. వదలనియ్యనిదే జబ్బు."

ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. ఆ తేదీకి ఎదురుగా ఖాళీగా ఉన్న వరుసలో "ఆయనే పట్టుకున్నారు" అని రాశాను.