మస్తాన్‌బీ మందారకు పట్టిన పిండినల్లి

8 ఫిబ్రవరి 2009, ఆదివారం
పక్కింటి మస్తాన్‌బీ మోకాళ్లు ఎలా ఉన్నాయో. మధిరలో ఆమె బిడ్డకు తొమ్మిదో నెల, కాళ్ల వాపు తగ్గిందో లేదో. బిడ్డను ప్రయాణం వద్దన్నారని తల్లే అక్కడికి పోయింది. పాల్వంచలో మా తమ్ముడికి దగ్గు... షిఫ్టు మారిందన్నాడు, మందు వేసుకుంటున్నాడా. మరదలికి తలనొప్పి. నా బీపీ గోళీలు నాలుగే మిగిలాయి.

మందార మాత్రం బాగా లేదు. పోయేముందు ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, "రోజుకో బిందె నీళ్లు పొయ్యక్కా, మా సాయిబు పెట్టిన చెట్టు" అంది. మొగుడు చనిపోయాక ఆ చెట్టే ఆమెకు మనిషి. ఆమె మధిర వెళ్లి నెల కూడా కాలేదు. కొమ్మల చివర్లకు పిండి చల్లినట్టు తెల్లగా...

9, సోమవారం
నిన్న సాయంత్రం నీళ్లు కొట్టి కడిగాను. పొద్దున చూస్తే మళ్లీ ఉంది. చీమలు బారులు బారులు.

11, బుధవారం
వ్యవసాయం సారు చేన్ల వైపు పోతుంటే పిలిచాను. ఆకు తిప్పి చూశాడు. "పిండినల్లి పెద్దమ్మా."

ఆడదానికి రెక్కలుండవట. ఒకచోట కూర్చుని రసం పీలుస్తుందట. మగదానికి రెక్కలున్నాయి గానీ నోరు లేదు. తినదు, తాగదు. ఒకటి రెండు రోజులే బతుకు. ఆడదాని వాసన పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, కలిసి, చచ్చిపోతుందట. తర్వాత ఆడదాని వెనక దూది లాంటి సంచి. అందులో వందల పిల్లలు.

"రెక్కల్లేకుంటే ఈడికెట్లొచ్చింది సారూ?"

సారు చూపు దడి వైపు పోయింది. "ఆ పత్తికట్టె ఎవరిది?"

నాదే. ఏటా పెరికి, పొయ్యిలోకని మస్తాన్‌బీ దడికే ఆనించి కుప్ప వేస్తాను. ఈసారీ వేశాను.

"కట్టె ఎండంగనే పిల్లలు పచ్చదాని మీదికి పాకినయి. చీమలు గూడ మోసినయి."



12, గురువారం
కుప్పంతా చేనులోకి మోసి కాల్చాను. ఒక్కదాన్నే.

14, శనివారం
మస్తాన్‌బీ ఫోన్. మనుమడు పుట్టాడు! తల్లీ పిల్లా క్షేమం. నాకు ఏడుపొచ్చింది. మాట మార్చడానికి నోరు లేని మగపురుగు సంగతి చెప్పాను.

"నోరు లేని మొగుడా! అదృష్టమంటే దానిదేనక్కా. మా సాయిబుకు నోరొక్కటే ఉండె."

ఇద్దరం నవ్వాం. తర్వాత అడిగింది, "యాడ చూసినవ్ గా పురుగుని?"

"మా పత్తిల."

"మందార ఎట్లుంది?"

"బాగుంది."

ఎందుకన్నాను అలా...

16, సోమవారం
రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. దడి అవతల నుంచి "అక్కా, అన్నం తిన్నవా" అనే గొంతు లేదు. ఆ పురుగును కూడా వెతుక్కుంటూ ఒకటి వస్తుంది కదా, నోరు లేకపోయినా. రోజూ మస్తాన్‌బీ ఇచ్చే పువ్వు లేక దేవుడి పటం బోసిగా ఉంది.

18, బుధవారం
సారు మళ్లీ వచ్చాడు. తెలుపు కాండం దాకా దిగింది. "మోకాలెత్తు ఉంచి మొత్తం కొట్టి కాల్చాలె పెద్దమ్మా. లేకుంటే వచ్చే పంటకు ఊరి పత్తంతా ఇదే."

"మళ్ల చిగురిస్తదా?"

"చిగురిస్తే చిగురిస్తది. చెప్పలేం."

బిడ్డ పెళ్లికి పందిరికి అడ్డమని ఒక్క కొమ్మ కొడతామంటే, మస్తాన్‌బీ పందిరినే పక్కకు జరిపించింది. నేను గొడ్డలి తెచ్చాను. చెట్టు దగ్గర నిలబడ్డాను. తిరిగి వచ్చేశాను.

20, శుక్రవారం
మళ్లీ ఫోన్. సాయిబు పోయి ఏడాది అవుతోందట. సమాధి మీద ఆయన చెట్టు పూలే పెట్టాలట.

"మొగ్గలున్నయా అక్కా?"

"ఉన్నయి."

ఉన్నాయి. ఒక్కో మొగ్గ చుట్టూ తెల్లటి సంచులు. కట్టె నాదేనని చెబుదామని నోరు తెరిచాను. మనుమడు ఏడ్చాడు, "ఉంట అక్కా" అని పెట్టేసింది.

కొట్టనా, ఆమె వచ్చేదాకా ఆగనా... కొట్టి చెప్పనా, చెప్పి కొట్టనా...

సాయిబు ఏడాది వచ్చే శుక్రవారం, 27. ఆ రోజు పొద్దటి బస్సుకు వస్తానంది.