ఐదేళ్ళు నిండకముందే

ఎల్.బి. నగర్,
కార్తీక మాసం, ఆదివారం.

అమ్మకు,

భావన నమస్కారాలు. ఇక్కడ నేనూ, ఆయనా, పాపా కులాసాగానే ఉన్నాం. విశాఖలో నువ్వూ, చెల్లీ, దాని బుజ్జిగాడూ బాగున్నారని తలుస్తాను. వాడికి బోసినవ్వులు మొదలయ్యాయని రాశావు. నవ్వుతూ ఉన్నప్పుడు ఒక ఫోటో తీసి పంపమని చెల్లితో చెప్పు.

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. చెవి మిషన్ పెట్టుకున్నా ఫోన్లో సగం మాటలే అందుతున్నాయన్నావు కదా, అందుకే తీరిగ్గా రాద్దామనుకున్నాను. ఆలస్యానికి అసలు కారణం అది కాదు. చివర్లో చెబుతాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. ఆయన మోకాలి నొప్పి తగ్గింది, మెట్లు ఎక్కగలుగుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో నాకు ఉదయం క్లాసులే ఉంచారు, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటున్నాను. నీ తులసికోటను బాల్కనీలోంచి తీసి హాల్లో కిటికీ దగ్గర పెట్టాను. ఎందుకు తీశావని నీకు కోపం వస్తుంది. ఉత్తరం పూర్తిగా చదువు.

"ఇంటిని పరీక్ష చేయించే ఆలోచన మానుకున్నావా? బిల్డరు పరాయివాడు కాదు, నా తమ్ముడు" అని రాశావు. మానుకోలేదమ్మా.

వినాయక నిమజ్జనం అయ్యాక నాలుగు రోజులు ముసురు పట్టింది. ఒక పొద్దున స్కూలు బస్సు కోసం పిల్లలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. మన బాల్కనీ అడుగు నుంచి పెద్ద పెచ్చు ఊడి వాళ్ళ వెనకే పడింది. ఎవరికీ తగల్లేదు. పాప యూనిఫాం నిండా సిమెంటు దుమ్ము. అది భయపడలేదు, నేను భయపడ్డాను. తలెత్తి చూస్తే పెచ్చు ఊడిన చోట ఇనుప చువ్వలు తుప్పుపట్టి బయటికి కనిపిస్తున్నాయి. చెల్లి పురిటికని వెళ్ళేదాకా నువ్వు రోజూ కుర్చీ వేసుకుని విష్ణు సహస్రనామం చదువుకున్న చోటు సరిగ్గా దాని మీదే.

మామయ్యకు అప్పుడే ఫోన్ చేశాను. "వానలకు అన్ని ఇళ్ళకీ ఊడతాయమ్మడూ, దసరా వెళ్ళాక మనుషుల్ని పంపిస్తా" అన్నాడు. పండగ వెళ్ళింది, మనుషులు రాలేదు. మళ్ళీ చేస్తే "కార్తీక మాసం తర్వాత చూద్దాం" అన్నాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. మనకు తాళాలు ఇచ్చింది కార్తీక మాసంలోనే కదా. తాళాలు ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలని చట్టం. ఈ కార్తీకంతో ఆ ఐదేళ్ళు నిండిపోతాయి. మామయ్యకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

అందుకని కొత్తపేటలో ఆఫీసు పెట్టుకున్న తన్మయి అనే ఇంజనీరును పిలిపించాను. కొత్త ఇళ్ళు పరీక్ష చేయడమే ఆ అమ్మాయి వృత్తి. పొద్దున వచ్చి చెమ్మ కొలిచే మిషన్‌తో గోడలన్నీ చూసింది. సుత్తి లాంటి పరికరం ఆనించి స్లాబు గట్టిదనం చూసింది. బాల్కనీలోకి ఎవరినీ వెళ్ళనీయొద్దంది. నీ తులసికోట లోపలికి వచ్చింది ఆ రోజే. తర్వాత సెల్లార్‌లోకి దిగింది. లిఫ్టు పక్క పిల్లర్‌ను తట్టి, ఇంకోసారి తట్టి, "మేడమ్, ఇక్కడ ప్లాస్టరింగ్ తీయించాలి, మీ అందరి అనుమతి కావాలి" అంది.

అందరి అనుమతి అనేసరికి గొడవ మొదలైంది. గ్రౌండ్ ఫ్లోర్ కిష్టమ్మగారు నీకు తెలుసు కదా, నల్లగొండ నుంచి వచ్చి ఇక్కడ కర్రీ పాయింట్ పెట్టుకుని ఫ్లాట్ కొనుక్కున్నావిడ. ఆవిడ నా మీదికి లేచింది.

"ఏంది టీచరమ్మా, నీకేమన్న పనిలేదా? నేను గీ ఫ్లాట్ అమ్మి తుర్కయంజాల్ల జాగ కొనాలనుకుంటున్న. పిల్లర్ మంచిగ లేదని నువ్వు కాయితం తీస్తే గీడికి ఎవడొస్తడు కొననీకి?"

"ఒకవేళ బాగానే ఉంటే, బాగుందన్న కాగితం చూపించే అమ్ముకోవచ్చు కదండీ" అన్నాను.

ఆవిడ ఇక అడ్డం రాలేదు. ప్లాస్టరింగ్ పగలగొట్టించారు. లోపల కాంక్రీటు తేనెపట్టులా గుల్లగా ఉంది. కంకరకూ కంకరకూ మధ్య సిమెంటే లేదు. పైన నున్నగా పూసి కప్పేశారు. కిష్టమ్మగారు వంగి ఆ గుల్లలో వేలు పెట్టింది. వేలు మొత్తం లోపలికి వెళ్ళింది. కొంగుతో వేలు తుడుచుకుని పైకి వెళ్ళిపోయింది.

తన్మయి రిపోర్టు జతచేసి, ఫ్లాట్ల వాళ్ళందరి తరఫున మామయ్యకు నోటీసు పంపాం. రెండు రోజుల్లో మనుషులు వచ్చారమ్మా! పుట్టీ డబ్బాలతో, రంగులతో వచ్చారు. ఆ పిల్లర్‌ను పూడ్చి, రంగు వేసి పోదామని. నేను సెల్లార్‌లో పిల్లర్‌కు ఆనించి కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"అమ్మా, జర జరుగుర్రి. సారు ఊకె ఫోన్ చేస్తుండు" అన్నాడు పెయింటరు.

"నీ తప్పేం లేదు బాబూ. సారునే రమ్మను. నేను లేవను" అన్నాను.

మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి ఇంకో కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నారు. పొద్దున మాత్రం "మీ మామయ్య కదా, ఇంకోసారి ఆలోచించుకో" అన్న మనిషే. మధ్యాహ్నం కిష్టమ్మగారు తన కుర్చీ తనే మోసుకుంటూ దిగింది. పెయింటర్లు డబ్బాలు ఎత్తుకుని వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం మామయ్య వచ్చాడు. ఫ్లాట్ల వాళ్ళందరం సెల్లార్‌లోనే చేరాం. తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. నన్ను చూసి ముందు నవ్వాడు.

"ఏం అమ్మడూ, నువ్వు పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి నిన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చింది నేను. నాకే నోటీసు పంపిస్తావా?"

"అందుకే ముందు నీకు పంపాను మామయ్యా. పైవాళ్ళకు ఇంకా పంపలేదు."

నవ్వు పోయింది. చిన్న లోపాన్ని పెద్దది చేస్తున్నామన్నాడు. రిపోర్టు బయటికి పోతే మన ఫ్లాట్ల విలువే పడిపోతుందన్నాడు. కొందరు తలలూపారు కూడా. అప్పుడు కిష్టమ్మగారు లేచింది.

"నేను అమ్మేదాన్నే సారూ. గని గా పిల్లర్ల నా ఏలు పోయింది. గిప్పుడు కొనేటోనికి నేనేం జెప్పి అమ్మాలె? వాని పిల్లలు గీడ పండుకుంటరు కదా. నాతోని గాదు."

తలలు ఊపినవాళ్ళు ఆగిపోయారు.

ఇంతవరకూ చదివి నువ్వు సంతోషిస్తావో బాధపడతావో నాకు తెలియదు. ఇప్పుడు నెల రోజులుగా రాయలేక ఆపుకున్న మాట రాస్తున్నాను.

అక్కడ ఓడిపోతున్నానని తెలిశాక మామయ్య నా వైపు తిరిగాడు. అందరూ వింటుండగానే అన్నాడు: "సరే. నువ్వు ఫిర్యాదు పెడితే మీ అమ్మ నా కొడుకు పెళ్ళికి రానక్కర్లేదు. మేనత్త లేకుండానే పెళ్ళి చేసుకుంటాం. ఆలోచించుకుని చెప్పు."

నువ్వు ఆ పెళ్ళి కోసం కంచిపట్టు చీర తీసుకుని ఫాల్ కూడా కుట్టించుకున్నావని నాకు తెలుసు. మార్గశిరం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నావనీ తెలుసు. నాన్న పోయాక నీకు పుట్టింటి వైపు మిగిలిన తోడు మామయ్య ఒక్కడే. అవన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. అయినా నా నోరు ఆగలేదు.

"మా అమ్మ రాదులే మామయ్యా. ఆవిడ కూర్చునే చోటు కూలకుండా ఉంటే నాకు చాలు" అన్నాను.

నిన్ను అడగలేదు. ఒక రోజు గడువు కూడా అడగలేదు. నీ పుట్టింటి సంగతి నలుగురి ముందు నీ తరఫున నేనే తేల్చేశాను. ఫిర్యాదు పెట్టినందుకు నాకు రవ్వంత పశ్చాత్తాపం లేదు. నీ మాట నేను చెప్పినందుకు మాత్రం ఈ నెల రోజులూ అన్నం సహించలేదు.

మర్నాడే అందరం సంతకాలు చేసి బిల్డర్ల మీద ఫిర్యాదులు విచారించే ప్రభుత్వ సంస్థ రెరాలో ఫిర్యాదు ఇచ్చాం. మొదటి సంతకం నాదే. ఐదేళ్ళు నిండడానికి ఇంకా వ్యవధి ఉండగానే ఇచ్చాం.

వారం తర్వాత క్లాసులు ముగించుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చేసరికి మామయ్య కారు గేటు బయట ఉంది. ఆయన ఒక్కడే సెల్లార్‌లో పిల్లర్ ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కూడా చేయి తీయలేదు. గుల్లలో కంకర రాళ్ళను ఒక్కొక్కటే తడుముతున్నాడు. ఒక రాయి ఊడి చేతిలోకి వచ్చింది.

"అప్పట్లో మూడు సైట్లు నడుస్తున్నాయి. దీన్ని మేస్త్రీలకు వదిలేశాను. నేను చూడలేదు" అన్నాడు.

"చూసి ఉంటే?"

ఆ రాయి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఇనుప ఆసరాలు దిగాయి. పెద్ద ఇంజనీరును తీసుకొచ్చి చూపించాడు. ఇప్పుడు పిల్లర్ చుట్టూ కొత్త చువ్వలు కట్టి కాంక్రీటు పోస్తున్నారు. మన బాల్కనీ కొట్టేశారు, కొత్తది వేస్తారు. తన్మయి వచ్చి చూసి సరేనన్న తర్వాతే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాం, ముందు కాదు. ఆ మాట మామయ్యకు రాసి మరీ పంపాను.

అయితే పెళ్ళి గురించి అన్న మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు. నీ మరదలు, కుసుమకుమారి అత్తయ్య మాత్రం ఫోన్ చేసింది. "మీ అమ్మకు శుభలేఖ నేను పోస్టులో వేశాను. ఆయనకు చెప్పే వేశాను. నీకు వేయడానికి మాత్రం ధైర్యం చాల్లేదమ్మా" అంది. ఈపాటికి నీకు అంది ఉంటుంది.

నువ్వు పెళ్ళికి వెళ్ళమ్మా. నీ తరఫున నేనన్న మాట నీది కాదు, దానికి నువ్వు కట్టుబడక్కర్లేదు. ఆ చీర కట్టుకో, మేనత్తగా ముందు వరసలో కూర్చో. నాకు కోపం రాదు. "మీ అమ్మాయి ఎంత పని చేసిందో చూశావా" అని అక్కడ ఎవరైనా అంటే మాత్రం తల వంచకు. అవును, చేసింది అను.

స్టేషనుకు నేనే వచ్చి నిన్ను దింపుకుంటాను. పెళ్ళి రోజున నాగోలు కళ్యాణమండపానికి కూడా నేనే తీసుకువెళ్తాను. గేటు దగ్గర వదిలేసి రాను. నీ చేయి పట్టుకుని మెట్లన్నీ ఎక్కించి, మామయ్య ఎదురుగా నిలబడి నిన్ను ఆయనకు అప్పగిస్తాను. మొహం తిప్పుకుంటాడో, లోపలికి రమ్మంటాడో అది ఆయన ఇష్టం. నేను మాత్రం కళ్ళు దించను.

ఇట్లు,
నీ మాట వినకపోయినా నీ మీద ప్రాణం పెట్టుకున్న పెద్దకూతురు,
భావన