యాభై గజాల వెనక

రాగిణక్కా,

మీ ఐసెలిన్‌లో పెళ్లిళ్ల సీజన్, నీ షాపులో చీరల బేరాల మధ్యే ఇది చదువుతావని తెలుసు. నేనూ షాపులో కస్టమర్లు లేని టైం చూసి గబగబా టైప్ చేస్తున్నా.

నిన్న మొదటిసారి మా వేద రేసు చూడ్డానికి వెళ్లాను. బ్రేకుల్లేని మోటార్‌సైకిల్, మట్టి ట్రాకు. మలుపులో వెనక చక్రం పక్కకి జారిపోతుంటే ఎడమ కాలు నేలకి ఆనించి తిప్పాలి. కన్నతల్లి చూసే ఆట కాదది. అది స్టేట్ ఛాంపియన్ అయిన రోజు కూడా నేనిక్కడ శాన్ రామన్‌లో మైసూర్‌పాక్ కోస్తూ కూర్చున్నా. కానీ నిరుడు పడి తొడ ఎముక విరిగాక ఇదే మొదటి రేసు కదా, మనసు ఆగలేదు. షాపు మీ మరిదికి అప్పగించి వెళ్లా.

చూస్తే మన పిల్ల అందరికంటే ముందు గీత మీద ఉంది. మిగతావాళ్లు వెనక, తలా ఒక గీత మీద. ఛాంపియన్ కదా, గౌరవంగా ముందు పెట్టారనుకున్నా. లడ్డూల డబ్బా తీసి చుట్టూ ఉన్నవాళ్లందరికీ పంచేశా, "మా అమ్మాయే, ఫ్రంట్‌లో ఉంది చూడండి" అంటూ. పక్కనున్న పెద్దావిడ లడ్డూ తీసుకుని నా చెయ్యి పట్టుకుంది. "హనీ, ఇక్కడ బాగా గెలిచేవాళ్లని వెనక పెడతారు. ముందుండేది కొత్తవాళ్లు" అంది. వేద ఇన్నాళ్లూ యాభై గజాల వెనక నుంచి బయల్దేరి అందర్నీ దాటుకుని గెలిచేదట. నాకేం తెలుసు?

వేద ఒక్క రౌండ్ తిరిగి, బండిని లోపలి గడ్డిలోకి తిప్పేసి ఆపేసింది.

కార్లో అంది, "కిడ్స్ లైన్‌లో పెట్టారమ్మా నన్ను. జాలి. నువ్వేమో స్వీట్లు కూడా పంచావు."

"బాగున్నాయన్నారే."

"బైక్ అమ్మేస్తా. మండే నుంచి షాపుకొస్తా."

అక్కా, ఈ మాట కోసం ఎన్ని మొక్కులు మొక్కానో నీకే తెలుసు. ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెడదామని నిలబడితే చెయ్యి లేవలేదు.

నీ జయంతి

---

అక్కా,

"మంచిదే కదే, బతికిపోయాం" అన్నావు ఫోన్‌లో. నేనూ రెండు రోజులు అలాగే అనుకున్నా. కానీ ఈ పిల్ల సరుకు తేవడానికి వెళ్తే వ్యాన్‌ని స్పీడ్ లిమిట్ కంటే కిందే నడుపుతోంది. అది చూసి నాకు భయమేసింది.

ఇవాళ షాపు తియ్యగానే ఒకాయన వచ్చి చిన్న ప్యాకెట్ కారప్పూస అడిగాడు. వేద "కార్డుకి మినిమం టెన్ డాలర్స్" అని పంపేసింది. నాకు ఒళ్లు మండింది.

"బోణీ బేరం తిప్పి పంపిస్తావా? చిన్నదని బోణీ వద్దంటే పెద్ద బేరం ఎక్కణ్నుంచి వస్తుంది? నీ ముందు గీత కూడా అంతే."

"అమ్మా, నేను కారప్పూస కాదు."

"గెలిస్తే వెనక్కి జరుపుతారా లేదా?"

"పది గజాలు."

"మరి ఇంకేంటే నీ బాధ?"

గుడ్డ తీసుకుని కౌంటర్ తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే చెప్పింది. "లైన్ గురించి కాదమ్మా. టర్న్‌లో కాలు కింద పెట్టలేకపోయా. పడతానని భయమేసింది. అందుకే ఆపేశా. ఎవరికీ చెప్పలేదు."

నోటికొచ్చింది అనేశానక్కా. "భయం నా డిపార్ట్‌మెంట్. నువ్వు బండెక్కిన రోజు నుంచీ నేనే చూసుకుంటున్నా. అలా భయపడుతూనే రోజూ షట్టర్ ఎత్తా, ఒక్క రోజైనా మూశానా? నీకొచ్చిన ఆ కాస్తా నాకిచ్చెయ్, నువ్వు బండి చూసుకో."

నవ్వింది. తర్వాత ఏడ్చింది. కస్టమర్లు వచ్చారని ఇద్దరం ముఖాలు కడుక్కున్నాం.

జయ

---

రాగిణక్కా,

ఈసారి మలుపు దగ్గర ఫెన్స్ పట్టుకుని నిలబడ్డా. కళ్లు మూసుకోనని ఒట్టు పెట్టుకున్నా.

అదే ముందు గీత. మొదటి మలుపులో కాలు కొంచెం ఆలస్యంగా దించింది, వెనకవాడు పక్కకి వచ్చేశాడు. రెండో మలుపులో మాత్రం కాలు నేలకి ఆనించి, బండిని అడ్డంగా పడేసినట్టే తిప్పింది చూడు, మట్టంతా నా జాకెట్ మీదే. నాలుగు రౌండ్లూ వాడు వెన్నంటే ఉన్నాడు. అరచెయ్యంత తేడాతో గెలిచింది.

నేనింకా ఫెన్స్ వదల్లేదు. హెల్మెట్ తీసి కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, నన్ను వెనక్కి పంపారు."

"ఎంత?"

"టెన్."

పిల్లని వెనక్కి నెట్టారని ఏడుస్తూ ముద్దులు పెట్టే తల్లిని అక్కడెవరూ చూసి ఉండరు.

యాభై గజాలంటే ఇంకా చాలా దూరం. దారిలో ఓడిపోయినా సరే, ఇకనుంచి ప్రతి శుక్రవారం రేసుకి నేనూ వెళ్తున్నా. మీ మరిది ఒక్కడే షాపు లాగలేడు, వేద ఇక కౌంటర్‌కి రాదు. మీ వైపు నుంచి ఇటు మారేవాళ్లెవరైనా ఉంటే నా నంబర్ ఇవ్వు. జీతం సంగతి మాట్లాడుకుందాం. బోణీ విలువ తెలిసిన మనిషై ఉండాలి.

ఉంటా మరి,
మట్టి కొట్టుకుపోయిన నీ జయంతి